ఒకటో పేరు పాలపిట్ట

దసరా పొద్దున జనగామలో ఇప్పుడు ఎవరూ ముందు దేవుడి గదిలోకి పోరు. పెరట్లోకి పోతారు. తలంటుకుని, కొత్త బట్టలు కట్టుకుని, చేతిలో మిడతల పళ్లెం పట్టుకుని, గోడ మీది పిలుపుగూడు కింద నిలబడతారు. పిల్లల నోళ్లు మూయిస్తారు, కుక్కల్ని లోపల కట్టేస్తారు. పోయిన ఏడాది పిట్టల పట్టిక నిన్నటితో చెల్లిపోయింది. ఈ ఏటి పట్టిక ఇంకా ఖాళీ. అందులో ఒకటో పేరు పాలపిట్టదే కావాలి. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచి జరుగుతుందన్న పాత నమ్మకానికి, ఎవరి పెరట్లో ఎన్ని జాతుల పిట్టలు కనిపించాయో రాసుకునే కొత్త పిచ్చి తోడైంది మరి. కాకో గోరింకో ముందుగా వచ్చి వాలిందా, ఆ ఇంటివాళ్ల ముఖాలు ఏడాది పొడుగునా చూడలేం. అందుకని పిట్టల కోసం ఇంత తపించే మనుషులు ఆ ఒక్క పూటా కాకుల్ని కర్రలు పుచ్చుకుని తరుముతారు.

ఇది రెండు వేల తొంభై రెండు నాటి సంగతి. పిలుపుగూడు అంటే చెంబంత డబ్బా, మట్టి రంగులో ఉంటుంది. లోపల రెండు కెమెరాలు, నాలుగు మైకులు, ఒక స్పీకరు, వేలిగోరంత మెదడు. దాన్ని కనిపెట్టింది డాక్టర్ బొమ్మగాని స్వరూప, ధ్వనిశాస్త్రవేత్త. అంతకు ముందు ఇరవై ఏళ్లు ఎండలు నిప్పులు చెరిగాయి. ఆ కాలాన్ని జనం 'మాడిన ఏళ్లు' అంటారు. పిట్టలన్నీ ఊళ్లు విడిచి చల్లని గుట్టల్లోకి పోయాయి. తర్వాత వానలు పడ్డాయి, చెట్లు చిగిర్చాయి గానీ పిట్టలు మాత్రం రాలేదు. గుట్టల్లో పుట్టిన పిట్టపిల్లలకు ఊరంటూ ఒకటుందని చెప్పేవాళ్లెవరు? స్వరూప ఆ పని యంత్రానికి అప్పజెప్పింది. పాత రికార్డింగుల నుంచి ఒక్కో జాతి భాషా దానికి నేర్పింది. ఇక్కడ నీళ్లున్నాయి, తిండి ఉంది, తోడుంది అని గూడు పిలుస్తుంది. పిట్ట వస్తుంది. గూడు దాన్ని గుర్తుపట్టి ఆ ఇంటి పట్టికలో పేరు రాస్తుంది. మనిషి కాళ్లు తన పెరట్లో ఉండి, పిట్ట ఆ ఇంటి గూడు కంట పడితే చాలు, లెక్కే.

యంత్రానికి ఆకలి లేదు, ఆశ లేదు. అయినా బాగా పిలవడం నేర్చుకోవాలంటే దానికీ ఏదో ఒక తీపి చూపించాలి గదా. స్వరూప చూపించిన తీపి మహా సులువైనది. పట్టికలో కొత్త పేరు చేరితే గూడుకు ఒక మార్కు. ఉన్న పేరే మళ్లీ వస్తే సున్నా. దాంతో ఏ జాతిని ఎలా పిలిస్తే తొందరగా వస్తుందో గూళ్లు తమంతట తామే నేర్చుకున్నాయి. పిట్ట రాగానే పేరు రాసుకుని, ఆ పిలుపు మానేసి, ఇంకో జాతిని పిలవడం మొదలుపెడతాయి. ఊళ్లో పిచ్చుకలొచ్చాయి, తేనెపిట్టలొచ్చాయి, వంగపండు పిట్ట సైతం వచ్చింది. పిట్టల అమ్మ అని స్వరూపకు పేరొచ్చింది. ఈ ఏడు పాలపిట్ట ఆపద నుంచి గట్టెక్కిందని సాయంత్రం జమ్మి పూజ దగ్గర ఆమె చేతే చెప్పించబోతున్నారు. ఏటేటా మరిన్ని పెరళ్ల పట్టికల్లో పాలపిట్ట చేరుతుంటే ఇంకేం రుజువు కావాలి?

ఆ పొద్దున స్వరూప తన ఆడబిడ్డ భాగ్యమ్మ పెరట్లో ఉంది. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే గోడ. భాగ్యమ్మ వంటింట్లో పప్పు నిండుకున్నా పట్టించుకోదు గానీ మిడతల డబ్బా మాత్రం ఎప్పుడూ ఖాళీ కానివ్వదు.

"కదలకు స్వరూపా. గా తీగ మీద చూడు. వచ్చింది," అంది భాగ్యమ్మ గొంతు తగ్గించి.

పాలపిట్ట తీగ మీంచి దిగి గోడ మీద వాలింది. వాలేటప్పుడు రెక్కల నీలం ఒక్కసారి మెరిసి మాయమైంది. స్వరూప ఇన్నేళ్లుగా చూస్తున్నా ఆ నీలానికి ప్రతిసారీ ఒళ్లు ఝల్లుమంటుంది.

"భాగ్యమ్మ గారి కొత్త పట్టిక. ఒకటో పేరు, పాలపిట్ట," అని పలికి గూడు తన పిలుపు ఆపేసింది. భాగ్యమ్మ రెండు చేతులూ కళ్లకద్దుకుంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

స్వరూప మాత్రం పిట్టనే చూస్తోంది. ముక్కు తెరిచి వగరుస్తోందది. జానెడు దూరంలో మిడతలు గెంతుతున్నా వాటి వంక చూడలేదు. తల అటు తిప్పి, ఇటు తిప్పి, గూడు వెనక్కి తొంగి చూసి దేన్నో వెతుక్కుంది. ఇంతలో అవతలి పక్కింటి గూడు పిలిచింది. పిట్ట లేచి అటు పోయింది.

"ఒక్క మిడతను గూడ ముట్టలే వదినా," అంది స్వరూప.

"కడుపు నిండ తిని వచ్చి ఉంటది. ఊరంత పళ్లాలు పెట్టుకొని కూసున్నరు గదా."

స్వరూప మనసు ఒప్పలేదు. గబగబా మేడెక్కి చూసింది. పిట్ట పక్కింట్లో వాలింది, వెతుక్కుంది, లేచింది. ఆ పక్కింట్లోనూ అంతే. ఆ పై ఇంట్లోనూ అంతే. ఎక్కడా ముక్కు వంచలేదు. ప్రతి గోడ మీదా గూడు పిలుపు ఆపగానే బిత్తరపోయి చూడటం, పక్క గూడు పిలవగానే ఉరకడం. స్వరూప కిందికి దిగి వచ్చింది.

"పాలపిట్టను ఏమని పిలుస్తున్నవు?" అని స్వరూప భాగ్యమ్మ ఇంటి గూడును అడిగింది.

"తోడు రమ్మని. తిండి ఉందని పిలిస్తే ఆలస్యంగా వస్తుంది. తోడుందని పిలిస్తే వెంటనే వస్తుంది. మేమందరం అదే నేర్చుకున్నాం."

"ఈ పొద్దు ఎన్ని పాలపిట్టలు వచ్చినయ్ ఊర్లెకు?"

"పాలపిట్ట ఇప్పటికి ఎనిమిది వందల పెరళ్లకు వచ్చింది."

"నేను అడిగింది పెరళ్లు కాదు. పిట్టలు."

"ఆ లెక్క నన్నెవరూ అడగలేదు," అంది గూడు.

నిజమే, ఎవరూ అడగలేదు. స్వరూప కూడా అడగలేదు. పట్టికలో జాతి పేరు ఒక్కసారే ఎక్కుతుంది. ఒకటి వచ్చినా అదే పేరు, వంద వచ్చినా అదే పేరు. అన్ని పట్టికల్లోనూ ఆ పేరు ఉంటే అన్ని పిట్టలు ఉన్నట్టే అనుకున్నారు చదువుకున్న వాళ్లంతా, ఆమెతో సహా.

ఆమె తన పెరట్లోకి పరిగెత్తి, గూళ్ల కేంద్రంలో పండగ డ్యూటీలో ఉన్న నయీంకు ఫోన్ చేసింది. నయీం ఆమె దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న ఇంజినీరు.

"నయీం, ఈ పొద్దు పాలపిట్ట కూతలన్నీ తీసి గొంతుముద్రలు కలిపి చూడు." మనుషుల వేలిముద్రల్లాగే పిట్టలకు గొంతుముద్రలుంటాయి, ఏ రెండూ ఒకలా ఉండవు. ఇన్నాళ్లూ వాటితో పని పడలేదు, అంతే.

నయీం కలిపి చూశాడు. "అక్కా, నేనేదో తప్పు చేసినట్టున్న. మళ్లా చూస్త," అన్నాడు. మళ్లీ చూశాడు. "ఒకటే గొంతు అక్కా. జనగామల అన్ని పెరళ్లల్ల అదే గొంతు, మొత్తం జిల్లాల ఇంకోటి లేదు."

"పోయిన దసరాకు?"

"నాలుగు. అంతకు ముందు పదిహేను. దాని ముందట..." అతను మళ్లీ లెక్క చూసుకున్నాడు. "నలభై దాటి ఉండె. అక్కా, ఏటేటా దసరా నాడు ఉన్న గొంతులు దసరా తెల్లారి ఉంటలెవ్వు. మనం పట్టికలు చూసి మిఠాయిలు పంచుకున్నం."

ఊరి నిండా తన జాతి వాళ్లే ఉన్నారనుకుంటోంది ఆ పిట్ట. ఇన్ని వేల గోడల వెనక నుంచి తోడు పిలుస్తుంటే తిండి ఎలా గుర్తొస్తుంది? ఎగిరి ఎగిరి రెక్కలు విరిగేదాకా వెతుకుతుంది. గూళ్లకు ఆ అబద్ధం నేర్పింది స్వరూపే.

"గూళ్లన్నీ ఇక్కడినుంచే బందు చేయరాదా?" అన్నాడు నయీం.

"మన చేతుల లేదు."

ఎవరి గూడు వారి చేతిలోనే ఉండాలి, సర్కారైనా సరే బయటి నుంచి ఆపకూడదు అని చట్టంలో రాయించింది ఆమే. డబ్బాలు పెట్టి మా పెరళ్లల్ల నిఘా పెడ్తరా అని జనం మొదట్లో దెబ్బలాడితే, వాళ్లను నమ్మించడానికి రాయించింది. అన్ని గూళ్లలోంచీ మాట్లాడే వీలు మాత్రం ఆమెకుంది. తన గూడు కిందే నిలబడి మాట్లాడింది.

"నేను స్వరూపను. పండగ పూట చెప్పరాని మాట చెప్తున్న, మన్నించున్రి. మీరందరు చూసింది ఒకటే పాలపిట్ట. ఇగ వేరేది లేదు. పొద్దటి సంది తిండి లేదు, నీళ్లు లేవు, మన పిలుపులకు ఇల్లిల్లు తిరుగుతున్నది. గూళ్లు ఆపున్రి. గంతే అడుగుతున్న. అది ఒక్క దగ్గర కూసొని జర ఊపిరి తీసుకోనియ్యున్రి."

ఆ మాటలు ఊరి గోడలన్నింటి మీంచి వినిపించాయి. వీధిలో నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ఆడమనిషి వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. స్వరూపకు కాస్త ధైర్యం వచ్చింది. మన జనం మంచివాళ్లు, చెప్తే వింటారు అనుకుంది.

అంతలోనే మోగుతున్న వాటికి కొత్త పిలుపులు తోడయ్యాయి. ముందు వీధి చివర ఒకటి. తర్వాత ఎదురింట్లో. పొద్దున పేరు రాసుకుని నోరు మూసుకున్న గూళ్లు కూడా మళ్లీ పిలుస్తున్నాయి, ఇంతకు ముందుకన్నా గట్టిగా. ఊరు ఊరంతా పాలపిట్ట గొంతుతో అరుస్తోంది. స్వరూప చెవులు మూసుకుని గోడ దగ్గరికి పరిగెత్తింది. అటువైపు భాగ్యమ్మ స్టూలెక్కి గూడు వెనక మీట తిప్పుతోంది.

"ఏం చేస్తున్నవు వదినా?"

"పొద్దటి పట్టిక కొట్టేసిన. కొత్తది మొదలువెట్టిన. మళ్లా పిలుస్తది."

"ఆపుమని చెప్పిన గదా నేను."

"విన్ననే. నా గుండె నీరైపోయింది," అంది భాగ్యమ్మ. నిజంగానే ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. "అందరు ఆపుతరు గదా. మనదొక్కటి మోగితె పిట్ట సక్కగ మనింటికే వస్తది. మిడతలు తాజాగున్నయ్, నీడ ఉన్నది. కండ్లల్ల వెట్టుకొని చూస్కుంట. వేరేటోళ్ల ఇంట్ల దాని పానానికి ఏం భరోసా?"

భాగ్యమ్మ చెప్పింది నిజమేనని స్వరూపకు తెలుసు. ఆశపడి కాదు, పేరు కోసం కాదు. పిట్ట బతకాలనే. ఊళ్లో ప్రతి ఇంటి వాళ్లూ ఇదే అనుకుని ఉంటారు. పక్కవాళ్లు ఆపుతారు, మనం కాపాడదాం.

"ఎంతమంది ఆపిన్రు నయీం?" అని ఫోన్‌లో అడిగింది.

"ఒక్కలు గూడ ఆపలే అక్కా. పొద్దట బందున్నయి గూడ ఇప్పుడు మళ్లా మొదలువెట్టిన్రు."

"మీ ఇంటిది?"

నయీం నసిగాడు. "మా ఇంటి ఎనక పెద్ద వేపచెట్టున్నది. చల్లగుంటది, అందుకని... ఇప్పుడే చెప్తనక్కా ఇంటికి ఫోన్ చేసి." "మరి మీది ఆపిన్రా?" అన్నాడు.

స్వరూప తల ఎత్తింది. ఆమె గూడు మీద పచ్చదీపం వెలుగుతోంది. పొద్దున ఆమె తన పెరట్లో లేదు గనక పేరు ఎక్కక అది పిలుస్తూనే ఉంది, ఆమె ఊరిని బతిమాలుకున్నంత సేపూ ఆమె నెత్తి మీదే పిలుస్తూ ఉంది. మరచిపోయానని చెప్పుకుందామంటే అదీ నిజం కాదు. మాట్లాడటానికి ముందు ఆమె చెయ్యి ఆపే మీట దాకా వెళ్లింది. పిట్టల సంగతి నాకంటే ఎవరికి తెలుసు, అది నా దగ్గరికి వస్తేనే బతుకుతుంది అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

పిట్ట వచ్చింది. ఎగిరి వచ్చినట్టు లేదు, ఎవరో విసిరినట్టు వచ్చి గోడ మీద పడి నిలదొక్కుకుంది.

"స్వరూప గారి కొత్త పట్టిక. ఒకటో పేరు, పాలపిట్ట," అని గూడు పిలుపు ఆపేసింది.

"ఆపకు. పిలువు. ఇక్కడనే ఉండుమను దాన్ని," అంది స్వరూప.

"ఉన్న పేరుకు పిలుపు లేదు. మీరే పెట్టిన పద్ధతి."

స్వరూప నీళ్ల గిన్నె రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. "తాగు తల్లీ, ఒక్క చుక్క తాగు," అని గొణుగుతూ అడుగులో అడుగు వేసుకుంటూ పోయింది. పిట్ట గూడు వెనక్కి తొంగి చూసింది. అక్కడెవరూ లేరు. గోడకు అటువైపు భాగ్యమ్మ గూడు, ఎదురింటి గూడు, వీధంతా రమ్మంటున్నాయి. పిట్ట రెక్కలు విప్పింది. ఆ నీలం విచ్చుకుంది గానీ పైకి లేవలేదు. రెక్కలు తెరుచుకుని ఉండగానే పక్కకు ఒరిగి, స్వరూప కాళ్ల దగ్గర మట్టిలో పడింది.

ఆమె చేతుల్లోకి తీసుకునేసరికి ఇంకా వెచ్చగా ఉంది. మెడ మాత్రం వాలిపోయింది. ముక్కు మీద నీళ్లు చిలకరించింది. ఊదింది. పేరు పెట్టి పిలిచింది. ఏమీ కాలేదు. ఊరు మాత్రం ఇంకా దాన్ని పిలుస్తూనే ఉంది.

చాలాసేపటికి లేచి, ఎడమ చేతిలో పిట్టను పట్టుకునే, కుడి చేత్తో తన గూడు మీట కిందికి లాగింది. పచ్చదీపం ఆరిపోయింది.

నిమిషం గడవకముందే ఫోన్ మోగింది. నయీం గొంతులో పొద్దటి నుంచీ లేని సంబరం.

"అక్కా, ఒక్కలు ఆపిన్రు. ఇప్పుడే. ఊర్ల మొదటి ఇల్లు."

స్వరూప చేతిలోని పిట్ట వంక చూసింది.

"మీ మాట విన్నోళ్లు ఒక్కలన్న ఉన్నరు. ఒక్కలు ఆపితె చాలక్కా, ఇగ వాళ్లను చూసి అందరు ఆపుతరు. గా ఇల్లు ఎవలదో చూడమంటరా? సాయంత్రం జమ్మి కాడ అందరి ముంగట పేరు చెప్పి శాలువ కప్పుదాం."

"వద్దు నయీం," అంది స్వరూప. "చూడకు."