ముఖశోధిని పట్టిచ్చిన సవతి

"ఇంకో రెండు నిమిషాలు కదలకండమ్మా," అంది డాక్టర్ మెహరున్నీసా.

కదిలేదెవరు? భ్రమరాంబ ఊపిరే సరిగ్గా తీసుకోవడం లేదు. మెషీన్ గాజుపలక కింద, ఆకుపచ్చ వెలుగులో, ఫోటోలోని ఆ ఆడదాని ముఖం మెరిసిపోతోంది. డెబ్బై ఏళ్ల వయసులో, పెళ్లయిన యాభై ఏళ్లకి, ఎవర్తో తెలియని దాని మీద కడుపు ఇంతలా మండుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

సంగతేమిటంటే, మొన్న బీరువా అరలో పరిచిన కాగితం మారుద్దామని పాతది లాగితే, అడుగున పట్టుగుడ్డలో చుట్టి ఈ ఫోటో కనబడింది. పట్టుచీర, పూలజడ, వడ్డాణం, ఓరచూపు. పాడుముండ, ఎంత బాగుందనీ! "ఎవరండీ ఇది?" అంటే భర్త రాఘవయ్య ముఖం పాలిపోయింది. "ఏమో, గుర్తులేదు," అన్నాడు. గుర్తులేనిదాన్ని ఎవరైనా పట్టుగుడ్డలో చుట్టి దాస్తారా? అక్కడికక్కడే ఆవిడ నిశ్చయించుకుంది. ఇదెవరో తేలాలి. తేలిన రోజునే విజయవాడలో కూతురింటికి వెళ్లిపోవాలి. మళ్లీ ఈ గడప తొక్కకూడదు. పెట్టె కూడా సర్దేసింది.

అదృష్టమో గ్రహచారమో, తెనాలికి ఆ ఏడే ముఖశోధిని వచ్చింది. పాత ఆల్బమ్‌లలో పేరు తెలియని మనుషులు ఎవరెవరో చెప్పే మెషీన్ అది. పద్ధతి తేలికే. మనిషికి ఒళ్లు రావచ్చు, జుట్టు ఊడవచ్చు గానీ, కళ్ల మధ్య దూరం, చెంప ఎముకల తీరు అంతగా మారవు. ఫోటోలోంచి అలాంటి కొలతలు నాలుగు వేలు తీసి, డేటాబేస్‌లో ఉన్న రాష్ట్రప్రజలందరి ముఖాలతో మెషీన్ పోలుస్తుంది. మనిషి దొరికితే సరే. దొరక్కపోతే, ఆ కొలతల్లో సగం ఎవరి ముఖాల్లోకి దిగాయో వెతికి, ఆ మనిషి సంతానాన్ని పట్టుకుంటుంది. జనం పెళ్లి గ్రూపు ఫోటోలు సంచుల్లో వేసుకొచ్చి క్యూ కడుతున్నారు.

మెషీన్ టింగుమంది. బయటికొచ్చిన కాగితాన్ని డాక్టర్ చదివింది. "ఈవిడ డేటాబేస్‌లో లేరమ్మా. పిల్లలు మాత్రం దొరికారు. ఇద్దరు."

"పిల్లలు కూడానా!" భ్రమరాంబ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పేర్లు చదువు తల్లీ. నేను దేనికైనా సిద్ధమే."

"కొల్లిపర ఇందుమతి, కొల్లిపర మనోహర్. వీళ్ల తల్లి ఈ ఫోటోలో ఉన్న స్త్రీ."

భ్రమరాంబ దిగ్గున లేచింది. "నీ మెషీన్ తగలెయ్య! వాళ్లు నా పిల్లలు! ఇందుమతికి రెండు రోజులు నొప్పులు పడ్డాను నేను. నా మొగుణ్ణి ఎగరేసుకుపోయింది చాలక, నా పిల్లల్ని కూడా ఇదే కనేసిందా?"

డాక్టర్ ఆవిణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆవిడ ముఖం కూడా కెమెరాకి చూపించి కొలతలు మళ్లీ సరిచూసింది. "మీ పిల్లల ముఖాల్లో సగం మీదే, సందేహం లేదు. రెండో సగం ఈ ఫోటోది."

"రెండో సగం వాళ్ల నాన్నది కదమ్మా?"

"అదేనండీ నేనూ చెప్పబోయేది. చీర కనబడితే మా మెషీన్ ఆడమనిషి అనుకుంటుంది. అందుకే ఆడవాళ్లలోనే వెతికింది. తప్పు మాదే. మీవారు ఎప్పుడైనా నాటకాలు వేశారా?"

భ్రమరాంబ ఇల్లు చేరేసరికి రాఘవయ్య వరండాలో చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. ఫోటో ఆయన ఒళ్లో పడేసింది. "మీరేనట!"

ఆయన తల వంచుకున్నాడు. "పెళ్లికి ముందు మూడేళ్లు పౌరాణికాల్లో ఆడవేషాలు కట్టాను. నేను స్టేజీ ఎక్కితే ఈలలు ఆగేవి కావు. చీరకట్టే వాడికి పిల్లనివ్వనన్నాడు మీ నాన్న. నాకు నువ్వు కావాలి. మానేశాను. మళ్లీ ఆ మాట ఎత్తనని ఆయనకి మాటిచ్చాను. ఈ ఒక్క ఫోటో మాత్రం చింపలేకపోయాను, భ్రమరా."

ఆవిడ హమ్మయ్య అనుకుంది. నవ్వొచ్చింది కూడా. అంతలో ఆయన ఫోటోని పైపంచెతో తుడిచి, దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆ చూపు! యాభై ఏళ్ల కాపురంలో తనని ఒక్కనాడైనా అలా చూశాడా? భ్రమరాంబకి మళ్లీ ఒళ్లు భగ్గుమంది.

"ఇప్పటికీ అదంటే అంత ఇష్టమా?"

"నిజం చెప్పనా?"

"నిజమే చెప్పండి."

"మొదటి ఏడాదంతా దాని కోసం నీకు తెలియకుండా ఏడ్చాను."

వేరే ఆడదైతే ఈపాటికి పళ్లూడి ముసలిదైపోయి ఉండేది. ఇంటికెళ్లి నాలుగు దులిపి రావచ్చు. దీన్నేం చేస్తుంది? ఇది తన ఇంట్లోనే ఉంది. తను వండిందే తింటోంది. పైగా తను కూతురింటికి వెళ్లిపోతే, వీళ్లిద్దరూ ఇంట్లో ఏకాంతంగా ఉంటారు! ఆ ఆలోచన రాగానే భ్రమరాంబ గదిలోకి వెళ్లి, సర్దిన చీరలన్నీ తిరిగి బీరువాలో పెట్టేసింది.

మర్నాటి నుంచి రాఘవయ్య గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడితే చాలు, వంటింట్లోంచి కేక వినిపిస్తుంది.

"చూసింది చాలు! ఇంకెంతసేపు దాంతో?"