ఉప్పు మీద మచ్చ

మధ్యాహ్నం మూడు దాటేసరికి హైమావతి పద్దెనిమిది రోజులను శుభ్రం చేసేసింది. విరిగిన రెక్క కింద నీడ కోసం ఒదిగి కూర్చున్న ఐదుగురు, పగిలిన పెదాలు, సీటు గుడ్డల్ని పిండి పట్టిన మంచు చుక్కలు... అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. తెర వారన సమ్మతి సూచిక పచ్చగా, నిలకడగా వెలుగుతోంది.

విశాఖ స్మృతిశాలలో ఆమె పని స్మృతి సవరణ. అక్కడి చిత్రాల్లో నటులుండరు. చూసినవాళ్ల తలల్లోంచి నేరుగా తీసిన జ్ఞాపకాలే చిత్రాలు. జ్ఞాపకం ఏటేటా చెదిరిపోతుంది గనక, ఏడాదికోసారి వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి కొత్త పొర తీస్తారు. ఒకరికి గుర్తున్నది మిగతావాళ్ల జ్ఞాపకాలతో కలవకపోతే సమ్మతి యంత్రం దాన్ని మలినమంటుంది, తీసెయ్యమంటుంది. మీట నొక్కవలసింది మాత్రం మనిషే.

‘ఉప్పులో పంతొమ్మిది రోజులు’ చూడనివాళ్లు ఆ ఊళ్లో లేరు. ముప్పై ఒక్కేళ్ల కిందట ఒక సరుకుల విమానం ఉప్పు మైదానంలో కూలింది. ఎక్కింది పదకొండు మంది, బతికింది ఐదుగురు. ఆ ఐదుగురిలో నలుగురు ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఆ విమానం మెకానిక్ సన్యాసిరావు ఒక్కడే మిగిలాడు. ప్రతి ఏడూ ఇదే రోజున, నాలుగు గంటలకు, మూడు వందల శాలల్లో ఆ చిత్రం వేస్తారు.

హైమావతి పంతొమ్మిదో రోజు తెరిచింది. హెలికాప్టర్ లేస్తోంది. కిటికీలోంచి తెల్లటి నేల కిందికి జారిపోతోంది. నేలా ఆకాశమూ కలిసేచోట చిన్న నల్ల మచ్చ. సూచిక ఎర్రబడింది.

ఆ మచ్చ ఆమెకు కొత్త కాదు. ఆరేళ్లుగా తనే తుడిచేస్తోంది. దుమ్ము అనుకునేది. ఈసారి నువ్వుగింజంత లేదు, వడ్లగింజంత ఉంది. పెద్దది చేసి చూసింది. మచ్చకు కాళ్లున్నాయి. చేతులు పైకెత్తి ఉన్నాయి.

అద్దం తలుపు అవతల సన్యాసిరావు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. హైమావతి లోపలికి వెళ్లి అతని కణతల మీది పట్టీలు విప్పింది.

“బాబాయ్ గారూ, చివర్లో ఒక మచ్చ ఉంది.”

“ఈయేడు కూడా తీసెయ్యమన్నాదా మీ మిషను?”

“అది ఏంటో మీకు తెలుసా?”

ముసలాయన అరచేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు. “ఏటి కాదమ్మా, ఎవరని అడుగు. కనకరత్నం. నర్సమ్మ. మేం ఐదుగురం కాదు, ఆరుగురం.”

హైమావతి పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

“పదిహేడో రోజు పిట్టలెగరడం సూసింది. పిట్టలున్నకాడ నీళ్లుంటాయని కాళీ డబ్బా అట్టుకుని ఎల్లింది. తన వంతు నీళ్లు మాకాడ వదిలీసింది. పద్దెనిమిదో రోజు సాయంత్రం ఆ నీళ్లు మేం తాగీసాం. మర్నాడు హెలికాప్టరొచ్చింది. గాలి లెగుస్తోంది, తొరగా ఎక్కండన్నాడు పైలెట్టు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు.”

“ఏమన్నారు?”

“లేరన్నాను.”

“మీరేనా?”

“నేనే. మిగతావోళ్లు కిందకి సూసారు. ఉందంటే ఆగమంటాడు, ఎతకమంటాడు. ఆ గాల్లో మళ్లీ దిగిపోవాలేమోనని బయం. పైకి లెగిసాక కిటికీలోంచి సూసాను. వస్తోంది. చేతులెత్తి వస్తోంది.”

“అప్పుడైనా చెప్పొచ్చు కదా!”

“అప్పుడు సెప్తే ముందు సెప్పింది అబద్దమని తెలిసిపోద్ది కదమ్మా.” అతను కణతలు తడుముకున్నాడు. “కూలినప్పుడే పోయిందని అందరికీ సెప్పాం, సెప్పగా సెప్పగా మా తలల్లోనూ అదే నిలిచిపోయింది. ఆ నలుగురూ ఉన్నన్నాళ్లూ నేనూ సూడలేదనే అనుకునీవోణ్ని. ఇప్పుడు కళ్లు మూస్తే సాలు. ఏటేటా ఇంకొంచెం దగ్గరకొస్తోంది.”

హైమావతి తన గదిలోకి వచ్చి తెర ముందు నిలబడింది. ఆరేళ్లు. ఆరుసార్లు తన వేలితో. గోడ గడియారం మూడూ యాభై చూపిస్తోంది. ప్రదర్శనాధికారి కామేశం గొంతు గదిలో పలికింది.

“హైమా, జనం కూర్చున్నారు. చివరి ఘట్టం రాలేదేంటి?”

“ఒక మలినం ఉంది సార్.”

“ఏటా ఉండేదేగా. తీసేసి పంపించు.”

యంత్రం ‘తొలగించు’ అన్న మీటను వెలిగించి పెట్టింది. దాని కింద ‘ఉంచు’ అన్నది ఎప్పుడూ ఎవరూ నొక్కనందువల్ల మసకగా ఉంది. హైమావతి దాన్నే నొక్కింది. ప్రయాణికుల గణన పట్టీ తెరిచి, బతికినవాళ్లు ఐదు అన్నచోట ఆరు అని రాసింది.

సమ్మతి యంత్రానికి అలాంటి అంకె ఎప్పుడూ తగల్లేదు. పోయిన నలుగురి పాత జ్ఞాపకాలు ఒకవైపు, ప్రాణమున్న సాక్షి ఒకవైపు. మూడు వందల శాలల్లో చిత్రం మొదలవకుండానే ఆగిపోయింది. కామేశం పరుగెత్తుకొచ్చేసరికి తెరమీద సమ్మతి సూచిక లేదు. దాని స్థానంలో విపత్తు రక్షణ శాఖ గుర్తు వచ్చింది. బతికినట్టు నమోదై, తిరిగి చేరినట్టు నమోదు కాని మనిషి కోసం వెతకాలన్నది ఆ శాఖ నియమం. ఎన్నేళ్లయినా సరే. యంత్రం అడిగింది: తప్పిపోయిన వ్యక్తి పేరు?

“ఏం చేశావు హైమా!” అన్నాడు కామేశం.

ఆమె పక్కకు తప్పుకుంది. సన్యాసిరావు గోడ పట్టుకుని నడిచి వచ్చి, తెర దగ్గరగా వంగి, పేరు చెప్పాడు. సరిగా వినపడలేదేమోనని మళ్లీ చెప్పాడు.

శోధనయానం మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. తనను కూడా తీసుకెళ్లమని ముసలాయన పట్టుబట్టాడు. అతన్ని ఒంటరిగా పంపలేక హైమావతి తోడు వెళ్లింది.

మూడో రోజు, ఎండ నడినెత్తికి వస్తుండగా, విమాన శకలాలకు అరకోసు దూరంలో యానం ఉప్పు పొరను చీల్చింది. ఉప్పు గుడ్డల్ని కూడా పాడు కానివ్వలేదు. ముందు నీలి చీర అంచు కనిపించింది. తర్వాత చేతుల ఎముకలు. ఆ ఎముకల మధ్య, ఛాతీకి ఆనించుకున్నట్టుగా, ఒక తెల్లటి డబ్బా.

హైమావతి దాన్ని పైకి తీసింది. బరువుగా ఉంది. మూత బిగించి, ఒక చుక్క కూడా కారకుండా చీర పీలికతో చుట్టి కట్టి ఉంది.

సన్యాసిరావు రెండు చేతులూ చాచాడు. ఆమె డబ్బా అందించింది. అతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపి చూశాడు. లోపల నీళ్లు కదిలాయి. అతను అక్కడే ఉప్పులో కూలబడి, డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాడు. యానం మూడుసార్లు పిలిచినా లేవలేదు. హైమావతి కూడా లేవమని అనలేదు.