పసుపు టేపు లోపలి పంట

సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. పొలంలోకి దిగాల్సిన ఎక్స్‌కవేటర్ గట్టు దగ్గరే ఆగిపోయింది.

ఎదురుగా వరి చేలో ఆ చేను రైతు, పెద్దాయన శవం వెల్లకిలా పడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగి నేరుగా శవం దగ్గరికి నడిచింది. ఆమె బూట్లకు తడి మట్టి ముద్దలుగా అంటుకుంది. వంగి చూసింది. తల వెనక గాయం. చొక్కా గుండీలన్నీ సరిగ్గా పెట్టి ఉన్నాయి. కాళ్ళకు తోలు చెప్పులు. వాచిన ఎడమ పాదానికి చెప్పు పట్టీ చివరి రంధ్రంలో, వదులుగా ఉంది.

"చేను మొత్తం చుట్టూ టేప్ కట్టండి," అంది కానిస్టేబుల్‌తో. "నేను చెప్పేదాకా చీమ కూడా లోపలికి పోకూడదు."

చేను పాత కోటగోడ దాకా ఉంది. ఒకప్పుడు ఆ గోడ చుట్టూ అన్నీ పొలాలే. ఇప్పుడు ఎటు చూసినా టవర్లు లేస్తున్నాయి. మిగిలింది ఈ ఒక్క చెక్క. ఒక కంపెనీ హౌసింగ్ ప్రాజెక్టు కోసం సర్కారు దీన్నీ తీసేసుకుంది. పెద్దాయన కోర్టుకెక్కాడు, కాళ్ళరిగేలా తిరిగాడు, ఓడిపోయాడు. సోమవారం పొద్దున్నే అప్పగించాలన్నారు. కోతకు ఇంకా పది రోజులుంది, ఈ ఒక్క పంటా కోసుకోనివ్వండి అని బతిమాలాడు. కుదరదన్నారు పాపిష్టివాళ్ళు.

అలాంటి మనిషి చస్తే ఊరు ఎవరి వైపు వేలు చూపిస్తుంది? మధ్యాహ్నానికల్లా కంపెనీ గేటు ముందు జనం.

ఇన్‌స్పెక్టర్ మొదట కంపెనీ సైట్ మేనేజర్‌ని అడిగింది.

"ఆదివారం రాత్రి ఎక్కడున్నారు?"

"డీలర్ల మీటింగ్‌లో మేడమ్. సీసీటీవీ ఫుటేజ్ ఇస్తాను."

"ఆయనతో గొడవలున్నాయా?"

"లేకుండా ఎలా ఉంటాయి? గట్టు మీద ఆయన చెప్పులు కనిపిస్తే చాలు, లోపలున్నాడని మా సర్వేయర్లు అటునుంచి అటే వెనక్కొచ్చేవాళ్ళు." నవ్వబోయి ఆపుకున్నాడు. "దీనితో మీ ఫ్లాట్ కూడా లేటవుతుంది మేడమ్. నాలుగో అంతస్తు, కోట కనిపించే వైపు. మీరే ఏరికోరి తీసుకున్నారు కదా."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ మూసేసింది. ఆమెకు సిగ్గేసింది.

తర్వాత పెద్దాయన తమ్ముడు. తన వాటా అందరికంటే ముందు అమ్మేసిన మనిషి.

"అన్నయ్యంటే కోపమా?"

"ఆయనకే నేనంటే కోపం. ఆరేళ్ళుగా మాటల్లేవు. నేనెదురైతే రోడ్డు మారిపోయేవాడు."

"ఆదివారం రాత్రి?"

"ఇంట్లోనే ఉన్నా. ఒక్కణ్ణే." ఆయన చూపు నేల మీదే ఉంది. అబద్ధమాడటం కూడా చేతకాని మనిషి.

చివరికి కూతురు. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది.

"మీ నాన్నగారు ఎన్నింటికి బయల్దేరారు?"

"తొమ్మిదింటికి. చేను చూసొస్తానన్నాడు."

"ఆ కాలితోనా?"

"చెబితే వింటాడా? పట్టీ కాస్త బిగిస్తే చాలు, విలవిల్లాడేవాడు. చివరి రంధ్రానికి నేనే చూసి పెట్టేదాన్ని."

ఆరు రోజుల తర్వాత, ఆదివారం ఉదయం పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్ వచ్చింది. పది నిమిషాల్లో పైఅధికారి ఫోన్. "రిపోర్ట్ చూశావుగా. సాయంత్రానికి టేప్ తీసేయ్."

ఇన్‌స్పెక్టర్ ముగ్గురినీ గట్టు దగ్గరికి పిలిపించింది.

"ఇది హత్య కాదు," అంది. "ముందు గుండె ఆగింది. తర్వాత తలకు దెబ్బ తగిలింది. పోయింది ఇక్కడా కాదు."

మేనేజర్ ఊపిరి పీల్చుకున్నాడు. "మరి ఇక్కడికెలా వచ్చాడు?"

"మీరే చెప్పారు. ఆయన చెప్పులు గట్టు మీద విడిచి చేలో దిగే మనిషి. శవానికి మాత్రం చెప్పులున్నాయి. ఆ రోజు నా బూట్లకంటిన మట్టి వాటి అడుగున లేదు. అంటే నడిచి రాలేదు. ఎవరో మోసుకొచ్చారు. చెప్పులు తొడిగింది కూడా వాళ్ళే." ఆమె ఒక్క క్షణం ఆగింది. "పట్టీ చివరి రంధ్రానికి పెట్టారు. పోయిన మనిషికి కాలు నొప్పెడుతుందేమోనని చూసుకునేది శత్రువు కాదు."

కూతురు తల దించుకోలేదు.

"మా ఇంటి మెట్ల మీదే కుప్పకూలిపోయాడు మేడమ్. తల రాతికి కొట్టుకుంది. పిలిచినా పలకలేదు. తెల్లారితే చేలోకి తవ్వే మిషను వస్తుందని గుర్తొచ్చింది. శవం దొరికిన చోట పోలీసులు టేప్ కడతారు, ఎవర్నీ రానివ్వరు. పది రోజులు ఆగితే చాలనుకున్నాను. ఆయన అడిగిందీ అదేగా."

"ఒక్కదానివే మోశావా?"

"నేనూ పట్టుకున్నాను," అన్నాడు తమ్ముడు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. "బాబాయ్, రా అంది. వెళ్ళాను. ఆరేళ్ళ తర్వాత అన్నయ్యను ముట్టుకున్నాను. ఇలా ముట్టుకోవాల్సొచ్చింది."

"మరి చెప్పులెందుకు తొడిగావమ్మా?"

"గట్టు మీద ముళ్ళుంటాయి కదండీ," అంది కూతురు. "మోసుకెళ్తున్నాం, గుచ్చుకోవు అని తట్టలేదు."

ఇన్‌స్పెక్టర్ ఇద్దరి వైపూ తిరిగింది.

"మీ ఇద్దరి మీదా కేసు పెట్టాలి. సాక్ష్యం తారుమారు చేశారు."

"పెట్టండి. టేప్ ఎప్పటిదాకా ఉంటుంది?"

"సాయంత్రం ఆరు. మిషను రేపు పొద్దున."

"ఇంకో నాలుగు రోజులుంటే గింజ గట్టిపడేది." ఆమె ఒక కంకి తుంచి గోటితో నొక్కి చూసింది. "బాబాయ్, కొడవళ్ళు తీసుకురా. పచ్చిదైనా కోద్దాం."

మేనేజర్ జీపు దాకా వెంటపడ్డాడు. "ఇక మీ ఫ్లాటుకు ఢోకా లేదు మేడమ్," అన్నాడు. ఆ మాట కూతురి చెవిన పడింది.

"మీ ఇల్లు కూడా ఇక్కడేనా మేడమ్?" ఎత్తిపొడుపు లేదు. ఊరికే అడిగింది.

ఇన్‌స్పెక్టర్‌కు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. చెయ్యెత్తి చేను మీద ఖాళీగా ఉన్న ఆకాశంలో ఒక చోటు చూపించింది.

కూతురు తలెత్తి అటు చూసింది. తర్వాత తండ్రి పడుకున్న చోటు చూసింది.

"అక్కణ్ణుంచి బాగానే కనిపిస్తుంది," అంది. "అప్పుడప్పుడు చూస్తూ ఉండండి."

ఇన్‌స్పెక్టర్ జీపెక్కలేదు. సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చుంది. ఆరింటికి లేచి, కానిస్టేబుల్‌ని వద్దని, టేపు ముడులన్నీ తనే విప్పింది. దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి, ఎంత నెమ్మదిగా విప్పగలదో అంత నెమ్మదిగా విప్పింది.

అప్పటికి వాళ్ళిద్దరూ సగం కూడా కోయలేదు. మిగతా చేను అలాగే నిలబడి ఉంది.