భూమూఢంలో గట్టిమేళం

అంగారకుడి మీద కొత్త తెనాలిలో పెళ్లి పెట్టుకోవాలంటే జాతకాల కంటే ముందు సూర్యుడి సంగతి చూసుకోవాలి. రెండేళ్ల పైచిలుక్కి ఒకసారి భూమి వెళ్లి సూర్యుడి వెనక దాక్కుంటుంది. ఆ రెండు వారాలూ అక్కణ్ణుంచి మాటా రాదు, పాటా రాదు. గురుమూఢం, శుక్రమూఢం ఎరిగిన జనం కదా, దీనికి భూమూఢం అని పేరు పెట్టేశారు. పేరు పెట్టాక ఊరుకుంటారా? అందులో పెళ్లిళ్లు చెయ్యకూడదని కట్టడి కూడా చేసేశారు.

కట్టడికి కారణం లేకపోలేదు. ఓడలో మనిషికింత బరువని లెక్క. డోలుకీ, నాదస్వరానికీ చోటు దొరకలేదు. అందుకని గాజు గుమ్మటం కింద ఉన్న ఈ ఊరికి సంగీతమంతా భూమి నుంచి అంకెల రూపంలో వచ్చేది. దాన్ని భూధార అనేవారు. ప్రతి ఇంటి హాల్లోనూ ఒక ధారాయంత్రం ఉంటుంది. స్ట్రీమర్ అన్నా అదే. వచ్చిన అంకెల్ని నాదంగా మార్చి, నిలువెత్తు స్పీకర్లలోంచి పలికిస్తుంది. పలకడం అద్భుతంగా పలుకుతుంది గానీ, దానికి జ్ఞాపకం లేదు. వచ్చింది వచ్చినట్టు పాడేసి మరిచిపోతుంది.

కిందటిసారి సౌర తుఫాను వల్ల మూఢం ముందే వచ్చి పడింది. అదీ ఎప్పుడు? నూకరత్నంగారి అబ్బాయి పెళ్లి ముహూర్తానికి. పిల్లాడు తాళిబొట్టు ఎత్తాడు. పురోహితుడు చెయ్యెత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నాడు. చడీచప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో ముందు వరసలోంచి ఒక్క తుమ్ము వినిపించింది. అంత గట్టి తుమ్ము ఆ గ్రహం మీద అంతకుముందు ఎవరూ తుమ్మలేదు. ఇలాంటి అపశకునాలు చెవిన పడకూడదనే కదా గట్టిమేళం వాయించేది! తుమ్మినాయన మరెవరో కాదు, ఊరి సభకు పెద్ద, సంగీతంలో ఊరందరికీ చెవిలాంటి మనిషి, పరాంకుశంగారు. ఆ దంపతులకి ఇప్పుడు కవల పిల్లలు, నిక్షేపంలా ఉన్నారు. అయినా జనం ఆ తుమ్మును మరిచిపోలేదు.

ఆ పెళ్లిలో అక్షింతలు పట్టుకుని నిలబడ్డవాళ్లలో వకుళ ఒకతె. ఊరి నెట్‌వర్క్ ఇంజనీరు. ఆ రోజే అనుకుంది, పాటని ఇంట్లోనే దాచుకుంటే ఈ తిప్పలుండవు కదా అని.

అనుకున్నంత తేలిక కాదది. అంగారకుడి మీద అంతరిక్ష కిరణాలు జ్ఞాపక పలకల మీద పడి అంకెల్ని తారుమారు చేసేస్తాయి. దాచిన పాట ఆర్నెల్లకి గరగరమంటుంది. వకుళ కనిపెట్టింది దానికి విరుగుడు. ఒకే పాటని నాలుగు స్ఫటిక పలకల మీద విడివిడిగా దాస్తుంది. ఆ పలకలు రోజూ ఒకదాన్నొకటి సరిచూసుకుని, చెడిన అంకెని బియ్యంలో రాయి ఏరినట్టు ఏరేసి, మంచిది వేసుకుంటాయి. ఇంటి నెట్‌వర్క్ మీద ధారాయంత్రం అడిగిన పాటని అడిగినట్టు వడ్డిస్తాయి. దానికి పాటల గాదె అని పేరు పెట్టింది. ఒక గొంతు కూడా పెట్టింది. ఆ గొంతు అడిగినదానికే జవాబు చెబుతుంది. అడగనిది చచ్చినా చెప్పదు.

స్ఫటిక పలకలు మాత్రం గుమ్మటంలో గాలి చూసే విభాగం దగ్గర అరువు. మూఢం మొదలయ్యే లోపు సభ ఒప్పుకుంటే ఉంటాయి, లేకపోతే తిరిగి ఇచ్చెయ్యాలి. వకుళ భయమంతా అక్కడే. ఎందుకంటే చెల్లెలు హైమ పెళ్లి దానిమీదే ఆధారపడి ఉంది. పెళ్లికొడుకు జనార్దన్‌ని ఫోబోస్ చందమామ మీద పనికి వేశారు. మూఢం ముగిసే లోపే ఓడ, ఆలోగా ఉన్న ఒక్క ముహూర్తమూ మూఢంలోనే పడింది. వెళ్తే మూడేళ్ల వరకూ రాడు.

"మూఢంలో గట్టిమేళం మోగితేనే నాకు పెళ్లి. లేకపోతే మూడేళ్లు స్పీకర్లని చూసుకుంటూ కూర్చోవాలి. అక్కా, నీ చేతుల్లో ఉంది" అంది హైమ.

"నా చేతుల్లో ఉంటే ఇంత భయమెందుకే? పరాంకుశంగారి చెవుల్లో ఉంది" అంది వకుళ.

పరాంకుశంగారి అభిప్రాయం ఊరందరికీ తెలిసిందే. "దాచిన పాటా? చద్దన్నంలా ఉంటుందమ్మా. భూమి మీంచి అప్పటికప్పుడు వచ్చే పాటలో తడి ఉంటుంది. నాకు తెలిసిపోతుంది."

"అయితే పరీక్ష పెట్టండి బాబాయిగారూ" అంది వకుళ. నోరు జారాక నాలిక కరుచుకుంది గానీ అప్పటికే ఆయన సరేననేశారు.

మర్నాడు సాయంత్రం సభామందిరం కిటకిటలాడింది. మూఢానికి ఇంకా ఒక రోజు ఉంది. ధారాయంత్రానికి అడ్డంగా తెర కట్టారు. ఒకే కల్యాణి రాగం, ఒకే నాదస్వరం, రెండుసార్లు వాయిస్తారు. ఒకటి భూధార నుంచి, ఒకటి గాదె నుంచి. ఏది ముందో, ఏది వెనకో వకుళకి ఒక్కదానికే తెలుసు. మొదట భూమిది పెట్టింది, తర్వాత గాదెది.

మొదటిసారి నాదస్వరం లేచింది. పరాంకుశంగారు కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేశారు. అయ్యాక జనం చప్పట్లు కొట్టారు. రెండోసారి మొదలైంది. ఈసారి నూకరత్నంగారు ఉండబట్టలేక, "అబ్బ! వన్స్ మోర్!" అని అరిచేసింది. భూమి మీది తెనాలి నాటకాల హాళ్ల నుంచి వీళ్లు ఇంకేం తెచ్చుకోకపోయినా ఆ అరుపు మాత్రం తెచ్చుకున్నారు.

పరాంకుశంగారు లేచారు. "మొదటిది భూమిది. కృష్ణ ఒడ్డు గాలి నాకు తగిలింది. రెండోది గాదెది. తప్పు లేదు గానీ, నిలవ వాసన."

సరిగ్గా చెప్పేశారు! పెళ్లికొడుకు పక్కన నిలబడ్డ హైమ మొహం చూడలేక వకుళ తల దించుకుంది.

"ఏవిటండీ మీరు చెప్పేది?" నూకరత్నంగారు నడుం బిగించింది. "రెండోదే భూమిది! మొదటిదాంట్లో చివర ఆ మెలిక, ఆ సంగతి పడిందా అసలు?"

"పడింది!"

"పడలేదు! నా చెవులేం దొప్పలు కావు!"

సభ రెండు చీలికలైపోయింది. మొదటి పక్షం, రెండో పక్షం. అన్నదమ్ములు చెరో పక్కా, మొగుడూపెళ్లాలు చెరో పక్కా. ఈ గోలలో వకుళ తెర వెనక్కి వెళ్లి, ఎందుకు ఓడిపోయిందో తెలుసుకుందామని గాదెని అడిగింది.

"మొదటి పాటకీ రెండో పాటకీ తేడా ఎన్ని అంకెల్లో ఉంది?"

"తేడా లేదు" అంది గాదె.

"అదెలా? మొదటిది భూమి నుంచి వచ్చింది కదా. దార్లో ఒకటో రెండో చెడాలి."

"మొదటిది కూడా నేనే వడ్డించాను. సౌర తుఫాను వల్ల సభ మొదలవకముందే భూధార ఆగిపోయింది. ధార ఆగితే పాట ఆగకూడదని నువ్వే కదా నేర్పావు."

వకుళకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోలేక తెర లాగేసి, ఉన్నదున్నట్టు అందరికీ చెప్పేసింది.

మందిరంలో మళ్లీ ఆ పెళ్లినాటి నిశ్శబ్దం. ఎవరూ తుమ్మలేదు.

"అసంభవం" అన్నారు పరాంకుశంగారు. వకుళ గోడ మీద రెండు పాటల అంకెల్నీ పక్కపక్కన నడిపించింది. అన్నీ సరిసమానం. ఆయన చివరిదాకా చూశారు, కళ్లజోడు తీశారు, తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు.

"మరి కృష్ణ ఒడ్డు గాలి ఎక్కణ్ణుంచి తగిలిందండీ?" అంది నూకరత్నం మెత్తగా.

"నీకు పడిన ఆ సంగతి ఎక్కణ్ణుంచి పడిందో, అక్కణ్ణుంచే" అన్నారాయన. పకపకా నవ్వేశారు. "ఔరా! పాటలో తడి ఉందనుకుంటూ ఇన్నేళ్లు భూమి వంక చూశాను. తడి మన దగ్గరే ఉందన్నమాట! అమ్మాయీ వకుళా, పలకలు వెనక్కి ఇవ్వకు. హైమ పెళ్లి మూఢంలోనే. పీటల దగ్గర పెద్దని నేనే."

హైమ వచ్చి అక్కని వాటేసుకున్న ఊపుకి ఇద్దరూ తెరలో చుట్టుకుపోయారు.

భూమి సూర్యుడి వెనక ఉండగానే జనార్దన్ తాళిబొట్టు ఎత్తాడు. "గట్టిమేళం!" అన్నాడు పురోహితుడు. స్పీకర్లు దద్దరిల్లిపోయాయి. డోలు మోతకి గాజు గుమ్మటం గింగురుమంది. ముందు వరసలో పరాంకుశంగారు ముక్కు పట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని, ఒక్క తుమ్ము తుమ్మారు. పక్కనున్న నూకరత్నంగారికి కూడా వినిపించలేదు. ఆయన చుట్టూ చూసి, కండువా సర్దుకుని, పసిపిల్లాడిలా నవ్వారు. భూమి సాయం లేకుండా ఆ గ్రహం మీద మోగిన మొదటి మేళం అది. జనం గొంతు చించుకుని "వన్స్ మోర్" అన్నారు. పాపం పెళ్లికొడుకు మళ్లీ తాళి కట్టాలేమోనని కంగారు పడ్డాడు.

మూఢం వెళ్లిపోయింది, భూధార మళ్లీ వచ్చింది. కానీ ఇప్పుడు ఇంటింటికీ గాదె కావాలి. ఒక్కో ఇంట్లో గాదె పెట్టి వచ్చాక వకుళకి కొత్త తలనొప్పి మొదలైంది.

"అమ్మాయ్, నూకరత్నం గారింటి గాదెలో కల్యాణి బాగా ఊరింది. మా ఇంట్లో ఇంకా పచ్చిగా ఉంది. కాస్త వాళ్లది మాకు పొయ్యవూ?"

"బాబాయిగారూ, రెండూ ఒకటేనండీ! అంకె తేడా లేదు! ఆ రోజు మీరే చూశారు కదా!"

"చూశాను. కళ్లతో చూశాను. చెవితో వింటున్నాను కదా మరి?" అంటారు పరాంకుశంగారు.

విసిగిపోయి ఇంటికొచ్చింది వకుళ. మనుషుల్ని మార్చే యంత్రం ఎవరూ కనిపెట్టలేరు అనుకుంటూ కాళ్లు చాపుకుని కూర్చుంది. గాదెని కల్యాణి పెట్టమంది. విన్నది. ఏం తోచక ఇంకోసారి పెట్టమంది. రెండోసారి ఆఖర్న, మొదటిసారి లేని ఒక చిన్న సంగతి, సన్నటి మెలిక, వంకర తిరిగి వచ్చి గుండెకి తగిలింది. చటుక్కున లేచి కూర్చుంది.

"గాదే, మొదటిదానికీ దీనికీ తేడా ఎంత?"

"తేడా లేదు."

"మళ్లీ చూడు."

"చూశాను. తేడా లేదు."

వకుళ కాసేపు ఆ నిలువెత్తు స్పీకర్ల వంక అనుమానంగా చూసింది. తలుపు వేసి ఉందో లేదో చూసుకుంది. ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుని, గొంతు తగ్గించి అంది.

"వన్స్ మోర్."