బాలశౌరి గొంతు

"ఇద్దరు టెక్నీషియన్లని పంపాను. ఇద్దరూ పని కాకుండానే తిరిగొచ్చారు, కారణం సరిగా చెప్పరు" అన్నాడు చీఫ్. "ఈసారి నువ్వు వెళ్తున్నావు, ఆమోసూ."

బెజవాడ వన్‌టౌన్‌లో కొండపల్లి బొమ్మలమ్మే దుకాణం వెనక, బోర్డు లేని గది అది. 2002 మార్చి. చీఫ్ ముందు బల్ల మీద ఒక సీడీ. పక్కన వైర్‌లెస్ సెక్షన్ చూసే క్రిస్టినా. ముదురెరుపు చీర, నెత్తి మీదికి ఎత్తి పెట్టుకున్న నల్ల కళ్ళజోడు. ఆమె గదిలో ఉంటే మగవాళ్ళు ఫైళ్ళు తలకిందులుగా పట్టుకుంటారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"పనేంటి?"

"ఓ ఇంట్లో కంప్యూటర్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇన్‌స్టాల్ చెయ్యాలి."

ఏజెంట్ ఆమోసు నవ్వబోయి ఆగాడు. చీఫ్ మొహంలో నవ్వు లేదు.

"ఎవరింట్లో?"

"బాలశౌరి ఇంట్లో."

బాలశౌరి ఆమోసుకి పార్ట్‌నర్. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ వ్యాపారి వేషంలో ఓ విదేశీ ముఠా వెంట పడ్డాడు. డిసెంబర్‌లో ఒక వర్క్‌షాపులో, వెనక్కొస్తున్న లారీ కింద పడి చనిపోయాడు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. ఆ సమయంలో వైర్‌లెస్‌లో అతనితో మాట్లాడుతున్నది ఆమోసే. అప్పటినుంచి ఎక్కడ రేడియో గరగరమన్నా ఆమోసు ఒళ్ళు జలదరిస్తుంది.

"ముఠాలో మన మనిషి గణేష్ ఉన్నాడు" అన్నాడు చీఫ్. "బయటపడే రోజున ఒకే ఒక్కసారి ఫోన్ చేస్తాడు, బాలశౌరి ఇంటి నంబరుకి. అక్కడి కంప్యూటరే ఫోన్ ఎత్తి, ఏ రేవులో దిగాలో కోడ్‌లో చెబుతుంది. ఆ ఫోన్ ఈ మధ్యాహ్నం వస్తుంది."

"ఇబ్బందేంటి?"

"ఆ కంప్యూటర్‌కి ఎవరో కన్నం పెట్టారు. ఫోన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ క్షణంలోనే ముఠాకి తెలిసిపోతుంది. పడవ ఎక్కేలోపే గణేష్‌ని చంపేస్తారు. ఈ అప్‌డేట్ పడితే కన్నం మూసుకుపోతుంది."

"ఫోన్ వైరు పీకేస్తే?"

"జవాబు రాకపోతే పాత రేవులోనే దిగుతాడు. అక్కడ వాళ్ళు కాచుక్కూర్చున్నారు. కొత్త రేవు పేరు ఈ సీడీలోనే ఉంది. గణేష్‌కి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు."

క్రిస్టినా ఒక పేజర్ అందించింది. "చూడ్డానికే పేజర్. పక్కనున్న మీట నొక్కితే నేరుగా నా సెక్షన్. ఆల్ ద బెస్ట్, ఆమోసు గారూ."

ఆమె సెంటు వాసన మెట్లు దిగేదాకా వెంటవచ్చింది.

*

ఉయ్యూరు పొలిమేరలోకి రాగానే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన గుప్పుమంది. చెరకు ట్రాక్టర్లను తప్పించుకుంటూ కంప్యూటర్ మెకానిక్ ఒకడు బాలశౌరి ఇంటిముందు మోపెడ్ ఆపాడు. పెట్టుడు మీసం, చెమట పట్టిన టోపీ, భుజాన టూల్స్ బ్యాగు.

తలుపు తీసింది తెరేసమ్మ, బాలశౌరి భార్య. ఊళ్ళో స్కూల్లో టీచరు. ఏజెంట్ల కుటుంబాలు ఒకళ్ళకొకళ్ళు తెలియకూడదన్నది రూలు. ఆమోసు ఆమెని చూడటం అదే మొదలు.

"మళ్ళీ అప్‌డేటేనా అండీ?"

"అవునండీ."

"అది పడదండీ. ఆయన పడనివ్వరు."

ఆమోసుకి సరిగా వినబడలేదేమో అనిపించింది. ముందుగదిలో పరిశుద్ధ కుటుంబం పటం కింద కంప్యూటర్ ఉంది. తెరేసమ్మ స్టూలు లాక్కుని గోడ స్విచ్ పక్కనే కూర్చుని, దాని మీద వేలు పెట్టింది.

"పెట్టండి. మీరే వింటారు."

సీడీ తిరిగింది. తెర మీద నీలం గీత సగందాకా పాకి ఆగింది. అప్‌డేట్ ఫెయిల్డ్. ఆ వెంటనే స్పీకర్లు గరగరమన్నాయి.

"వద్దు... ఇప్పుడు కాదు... నేను ఇక్కడే ఉన్నా..."

చివర చిన్న నిట్టూర్పు.

బాలశౌరి గొంతు. కొంచెం బొంగురు, కొంచెం తొందర. ఆమోసు మౌస్ మీద చెయ్యి తియ్యలేకపోయాడు. మిట్టమధ్యాహ్నం, బయట ట్రాక్టర్లు రొద పెడుతున్నాయి, అయినా వీపు చల్లబడింది.

"విన్నారా?" తెరేసమ్మ కళ్ళు మెరిశాయి. "మొదటొచ్చినాయన సీడీ ఇక్కడే వదిలేశారు. స్కూలు నుంచి రాగానే రోజూ పెడతానండీ. ఆయన వద్దంటారు, ఆపేస్తాను. అప్పుడు అన్నం తింటాను."

ఆమోసు వరండాలోకి వచ్చి పేజర్ మీట నొక్కాడు. "క్రిస్టినా గారూ, కంప్యూటర్‌లో బాలశౌరి గొంతు వినబడుతోంది."

"అయితే దాన్ని ముట్టుకోకండి. వెనక్కి వచ్చెయ్యండి. చీఫ్‌కి నేను చెప్పుకుంటాను."

గణేష్ ప్రాణం గాల్లో ఉంటే, చీఫ్‌ని అడగకుండానే వచ్చెయ్యమంటుందేంటి? ఆమోసు లోపలికి వచ్చి పనిలో పడ్డాడు.

డిస్క్‌లో జాగా ఉంది. టెంపరరీ ఫైళ్ళు తుడిచాడు. యాంటీవైరస్ ఆపాడు. మళ్ళీ పెట్టాడు. నీలం గీత అక్కడే ఆగింది, చచ్చిపోయిన స్నేహితుడు మళ్ళీ వద్దన్నాడు. ఈసారి ఆమోసు గొంతుని పట్టించుకోకుండా తెర మీది ఎర్రర్ మెసేజ్ చదివాడు. అప్‌డేట్‌కి కావలసిన ఒక ఫైల్‌ని వేరే ప్రోగ్రామ్ వాడుకుంటోంది. నడుస్తున్న ప్రోగ్రాముల వరస తీశాడు. వాటిలో ఒకటి ముక్కూమొహం తెలియనిది. ఎండ్ చేస్తే పోయింది. రెప్పపాటులో మళ్ళీ లేచింది.

అది ఉన్న ఫోల్డర్ తెరిస్తే ఒక సౌండ్ ఫైల్ కనిపించింది. ఆమోసు హెడ్‌ఫోన్ పెట్టుకుని దాన్ని నొక్కాడు.

మాటల వెనక రేకు మీద సుత్తి దెబ్బలు. ఇంకా వెనక, లారీ రివర్స్ హారన్ పాట.

ఇవి తెరేసమ్మతో అన్న మాటలు కావు. ఆ రోజు ఆమోసు వైర్‌లెస్‌లో "బయటికొచ్చెయ్ బాలశౌరీ, నేను వస్తున్నా" అని అరిచాడు. దానికి బాలశౌరి ఇచ్చిన జవాబు ఇది. ఆ సంభాషణ ఆఫీసు టేపు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆ టేపుల బీరువా తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది.

"ఈ గొంతు ఎప్పణ్ణుంచి వినబడుతోందండీ?"

"మొదటాయన వచ్చి సీడీ పెట్టిన రోజు నుంచి. అంతకు వారం ముందు, నలభయ్యో రోజు ప్రార్థననాడు, ఆయన ఆఫీసు నుంచని ఒకావిడ వచ్చారు. పెన్షన్ కాగితాలు ప్రింట్ తియ్యాలని ఇక్కడే కూర్చున్నారు. చాలా అందంగా ఉంటారండీ. నల్ల కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని."

కన్నం ఎవరు పెట్టారో, దానికి కాపలాగా ఎవర్ని కూర్చోబెట్టారో ఆమోసుకి తెలిసిపోయింది. మొగుడి గొంతు పోతుందంటే ఏ భార్య ఆ కంప్యూటర్‌ని ముట్టుకోనిస్తుంది?

"సేఫ్ మోడ్‌లో ఆన్ చేస్తే ఈ ప్రోగ్రామ్ లేవదు. అప్పుడు తుడిచెయ్యొచ్చు" అన్నాడు మెల్లగా. "కానీ ఆ గొంతు ఉండదండీ."

"చెయ్యి వేశారంటే స్విచ్ ఆపేస్తాను."

ఆమోసు పెట్టుడు మీసం తీసేశాడు. "నా పేరు ఆమోసు. మీ ఆయనా నేనూ కలిసి పనిచేశాం."

"ఆయన నోట ఆ పేరు ఎప్పుడూ వినలేదే."

"వినకూడదండీ. మా ఉద్యోగం అలాంటిది. కానీ రోజూ వింటూనే ఉన్నారు. చివర్లో వచ్చేది నిట్టూర్పు కాదు. నా పేరులో మొదటి అక్షరం. 'నేను ఇక్కడే ఉన్నా, ఆమోసూ' అన్నాడు. ఆ తర్వాత కత్తిరించారు."

హెడ్‌ఫోన్ ఆమె చేతికిచ్చాడు. తెరేసమ్మ ఒకసారి వింది. మళ్ళీ వింది.

"వెనక ఆ హారన్..."

"ఆ లారీదే."

ఆమె హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అంటే ఆయన ప్రాణం పోయే ముందటి మాటలు వింటూ రోజూ అన్నం తిన్నానన్నమాట."

కాసేపటికి ఆమె వేలు స్విచ్ మీద నుంచి జారింది.

"తీసెయ్యండి."

*

సేఫ్ మోడ్. ప్రోగ్రామ్ తుడిచాడు, సౌండ్ ఫైల్ తుడిచాడు. రీస్టార్ట్ చేసి సీడీ పెట్టాడు. నీలం గీత సగం దాటింది. ఎవరూ వద్దనలేదు. ఆ నిశ్శబ్దానికి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

గీత చివరికి చేరుతుండగా బయట కారు ఆగింది. గుమ్మంలో క్రిస్టినా. చేతిలో బుల్లి పిస్టల్.

"వెనక్కి రమ్మన్నాను కదా, ఆమోసు గారూ. లేవండి. కంప్యూటర్ ఆపండి."

"ఎంతకి అమ్ముడుపోయావు?"

"మీకు అక్కర్లేని లెక్క." ఆమె పిస్టల్ అతని మీద నుంచి తిప్పకుండానే స్విచ్ వైపు నడిచింది. తెరేసమ్మ స్టూలు మీద నుంచి లేచి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, పక్కకి జరగండి."

"ఆయన గొంతు కోసింది నువ్వేనా?" అంటూ తెరేసమ్మ ఆ చెయ్యి పట్టుకుని పైకి లేపింది.

పిస్టల్ పేలింది. మానిటర్ భళ్ళున పగిలి పొగ కక్కింది. రెండో గుండు పేలేలోపు ఆమోసు క్రిస్టినాని నేలకి నొక్కి, మౌస్ వైరుతో చేతులు కట్టేశాడు.

తెర లేదు. అప్‌డేట్ పడిందో లేదో చూసే దారి లేదు. బల్ల కింద సీపీయూ మాత్రం గిర్రున తిరుగుతోంది. అప్పుడే ఫోన్ మోగింది.

మోగుతూనే ఉంది. పని పూర్తయితే కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ కావాలి. కాకముందే మోడెం ఫోన్ ఎత్తితే గణేష్ పని సరి.

బల్ల కింద నుంచి చిన్న బీప్. ఆగి, మళ్ళీ లేచింది కంప్యూటర్. ఫోన్ ఇంకా మోగుతోంది. చివరి క్షణంలో మోడెం కీచుమంటూ ఫోన్ ఎత్తింది, గణేష్‌కి కొత్త రేవు పేరు చెప్పి పెట్టేసింది.

*

సాయంత్రానికి చీఫ్ మనుషులు వచ్చి క్రిస్టినాని తీసుకెళ్ళారు. గణేష్ క్షేమంగా ఒడ్డెక్కాడని కబురొచ్చింది.

తెరేసమ్మ గాజు పెంకులు ఊడుస్తూ అడిగింది. "మీ పేరు తర్వాత ఇంకేమన్నా అన్నారా? నా గురించి?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఆమోసు మింగేశాడు. "లేదండీ. 'నువ్వు మాత్రం రాకు' అన్నాడు. అంతే."

"పనిలో ఉంటే అంతేలెండి. ఎప్పుడు ఫోన్ చేసినా, పనిలో ఉన్నానని పెట్టేసేవారు." ఆమె నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. చీపురు గోడకి ఆనించి, వంటింట్లోకి వెళ్ళి అన్నం వండటానికి బియ్యం కడగసాగింది.

ఆమోసు బయటికొచ్చి మోపెడ్ తీస్తుంటే పక్కింటి గేటు తెరుచుకుంది. పేరమ్మ అనే పెద్దావిడ అతని భుజాన టూల్స్ బ్యాగు చూసి చెయ్యి ఊపింది.

"ఏవయ్యా కంప్యూటరబ్బాయీ, మావాడి కంప్యూటర్ కూడా సగంలో ఆగిపోతా ఉంది. కాస్త చూసిపెడుదూ!"

తుపాకీకి ఎదురు నిలబడటం ఏజెంట్ ఆమోసుకి ట్రైనింగ్‌లో నేర్పారు. దీనికి మాత్రం ఏమీ నేర్పలేదు. మోపెడ్‌కి స్టాండు వేసి, బుద్ధిగా ఆమె వెనకే నడిచాడు.