పాత రేపు చరిత్ర

ద్వీపానికి పడమటి కొసన మూతబడ్డ లాంచీల టెర్మినల్ ఒకటి ఉంది. టెర్మినల్ అన్న మాట కాగితాల్లోనే. జనం నోట అది రేవు. వంతెన వచ్చి లాంచీలు ఆగిపోయాక, పదకొండేళ్ళుగా, ఆ రేవుకి చెడ్డపేరు.

చీకటి పడ్డాక అటు వెళ్ళకూడదంటారు. వెళ్ళినా టికెట్ కిటికీ దగ్గర ఆగకూడదంటారు. ఆగినా... దాని రేకు షట్టరు మాత్రం తట్టకూడదంటారు.

తడితే, లోపల్నించి జవాబు వస్తుంది.

"రేపు రండి."

అంతే. అరుపు కాదు, ఏడుపు కాదు. విసుగెత్తిన గొంతు. వల ఆరేసుకోడానికి వెళ్ళిన చేపలాయన ఒకసారి విని, వల అక్కడే వదిలేసి వచ్చి వారం రోజులు దుప్పటి కింద పడుకున్నాడు. పోస్ట్‌మాన్ కూడా విన్నాడు. ఆయన మాట వినే మనిషి గనక మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ "రేపు రండి" అంది. మూడోరోజు వెళ్ళలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవం ఉన్నవాడు గనక, ఈ పని తేలేది కాదని అక్కడితో అర్థం చేసుకున్నాడు.

అలాంటి చోటికి ఒక రాత్రి ఒంటరిగా వెళ్ళాల్సి వచ్చినవాడు బోర్డులు రాసే పెయింటరు. ఆ తిప్పలు అతనే కొని తెచ్చుకున్నాడు. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

అతని చెయ్యి మంచిది. అక్షరం రాస్తే గోళీ దొర్లినట్టు గుండ్రంగా ఉండేది. కానీ ఎవరు ఏ పని అడిగినా నోట్లోంచి ఒకటే మాట వచ్చేది — "రేపు". మంగలాయన దుకాణానికి 'కొత్తగా తెరవబడినది' అని బోర్డు రాయమంటే, అది చేతికి అందేసరికి దుకాణం గోడలకి రెండోసారి సున్నం వేశారు. అందుకని పిల్లలు అతనికి 'రేపు' అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళు మర్యాదకి 'గారు' తగిలించారు. రేపుగారంటే ద్వీపంలో తెలియనివాళ్ళు లేరు.

రేవు హాలు బాగుచేయించి చదువుకునే గదిగా తెరవాలని ద్వీప సంఘం తీర్మానించింది. రోడ్డువైపు గోడ మీద రేవు చరిత్ర రాయించాలన్నారు. చరిత్ర రాసిచ్చింది హెడ్మాస్టరుగారు. వంతెన లేని రోజుల్లో ఆయన ముప్పై ఏళ్ళపాటు తొలి లాంచీలో అవతలి ఒడ్డున ఉన్న బడికి వెళ్ళి, ఆఖరి లాంచీలో తిరిగొచ్చేవారు. ఒక్కనాడు ఆలస్యం కాలేదు. లాంచీ కోసం రేవు బల్ల మీద కూర్చుని ఊరికే ఉండలేక, చుట్టూ ఉన్న బోర్డుల్లో తప్పుల్ని సుద్దముక్కతో దిద్దేవారు.

పెయింటరు కూడా ఆ బడిలోనే చదివాడు — లాంచీ తప్పిపోయిన రోజులు తీసేస్తే. ఎంత బాగా రాసినా, ఆలస్యంగా ఇస్తే హెడ్మాస్టరుగారు పదికి రెండు మార్కులు కోసేవారు. చదువు పూర్తయ్యేదాకా పెయింటరుకి ఎనిమిది దాటలేదు.

ఆయన రెండు పుటల చరిత్ర గుండ్రటి దస్తూరితో రాసి సంఘానికి అప్పజెప్పి, ఆ వారంలోనే కన్నుమూశారు. ఒప్పుకున్న పని ముగించి పోయారు. అలాంటివాళ్ళు తక్కువ.

పెయింటరుకి నలభై రోజులు గడువిచ్చారు. ముప్పై తొమ్మిదో రోజు సాయంత్రం సంఘం అధ్యక్షురాలు వచ్చి చూస్తే, గోడ పాలమీగడలా ఉంది.

"ఏమయ్యా, ఒక్క అక్షరం లేదేం?"

"సున్నం ఆరాలి కదండీ."

"సున్నం వేసి నెలయింది."

"రేపు—"

"రేపు తొమ్మిదింటికి ప్రారంభం. అప్పటికి రాత ఉంటే ఉంది. లేదా మీ తోడల్లుడి చేత ఫ్లెక్సీ కట్టిస్తాను. ఆ తర్వాత ద్వీపంలో సంఘం బోర్డులన్నీ ఫ్లెక్సీలే. నీకు కుంచె పని ఉండదు."

ఫ్లెక్సీల కొట్టు తోడల్లుడు ఆ పక్కనే ఉన్నాడు. జాలిపడ్డాడు కూడా. "దిగులుపడకు అన్నయ్యా. నిచ్చెన పట్టుకోడానికి నాకెలాగూ మనిషి కావాలి" అన్నాడు.

 పెయింటరు ఇరవై రెండేళ్ళుగా నిచ్చెన ఎక్కినవాడు. దాని కింద నిలబడి పైన మేకులు కొట్టే తోడల్లుణ్ణి చూడాలా?

ఇంటికొచ్చి చెబితే భార్య సంచి అందించింది.

"వెళ్ళండి."

"ఇప్పుడా? చీకటి పడింది."

"పగటిపూట వెళ్ళమని ముప్పై తొమ్మిది రోజులు చెప్పాను."

"అక్కడ ఆ గొంతు..."

"అది చెప్పేదీ రేపు రమ్మనే కదా. మీ ఇద్దరికీ మాట కలుస్తుంది, వెళ్ళండి."

*

పదిన్నరకి ఒడ్డు వెంట అడ్డదారిన రేవు చేరాడు. గాలి లేదు. నీళ్ళు మెట్లని నాకుతున్న చప్పుడు... అంతే.

బ్యాటరీ లైటు రోడ్డువైపు పెడదామని హాలు మూల తిరుగుతుంటే, భుజాన ఉన్న నిచ్చెన కొస వెళ్ళి టికెట్ కిటికీ షట్టరుకి తగిలింది.

ఠంగ్.

పెయింటరు ఊపిరి బిగబట్టాడు. ఒకటి... రెండు... మూడు...

"రేపు రండి."

కాళ్ళు పరుగుకి సిద్ధమయ్యాయి. మనసు కూడా సిద్ధమే. కానీ కళ్ళ ముందు నిచ్చెన కనబడింది, నిచ్చెన పైన తోడల్లుడు కనబడ్డాడు. పెయింటరు అక్కడే నిలబడి, జన్మలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"రేపు కుదరదండీ... ఇవాళే కావాలి."

 లోపల్నించి సన్నగా గుర్రుమన్న చప్పుడు. కోపం వచ్చినట్టుంది. పెయింటరు పిల్లిలా అడుగులేస్తూ మూల తిరిగి రోడ్డువైపు గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు.

పెన్సిలుతో గీతలు గీసుకున్నాడు. నల్లరంగు డబ్బా మూత తీశాడు. పైన పెద్ద అక్షరాల్లో పేరు రాశాడు. అక్షరం గోళీలాగే వచ్చింది. కిందకి దిగి మొదటి పుట ఎత్తుకున్నాడు. 'మొదటి లాంచీలో ఇరవై ముగ్గురు మనుషులు, రెండు మేకలు దాటాయి. మేకలకు కూడా టికెట్ ఇచ్చారు...'

రెండో పేరాలో ఉండగా వెనక ఉన్న పాత రేవు బల్ల కిర్రుమంది.

ఎవరో కూర్చున్నట్టు.

పెయింటరు కుంచె గోడకి ఆనించి అలాగే ఉండిపోయాడు. వెనక్కి తిరగలేదు. మెడ తిరగనంది.

"అది రేపు కాదు" అంది ఒక గొంతు, బాగా నెమ్మదిగా. "రేవు."

పెయింటరు తల మాత్రం పైకెత్తాడు. గోడ మీద పెద్ద అక్షరాలతో నిగనిగలాడుతోంది — 'పాత రేపు చరిత్ర'.

ఇరవై రెండేళ్ళ అలవాటు. నోట్లో మాట చేతిలోకి దిగింది. తెల్లారి ఆ బోర్డు చూసి ఉంటే ద్వీపం ద్వీపమంతా నెలరోజులు నవ్వుకుని ఉండేది, తోడల్లుడైతే ఫ్లెక్సీ కొట్టించి మరీ నవ్వి ఉండేవాడు. పెయింటరు నిచ్చెనెక్కి 'ప' నోరు మూసి 'వ' చేశాడు. దిగాడు. "చాలా థాంక్సండీ" అన్నాడు గోడతో.



రాత సాగింది. తుఫాను రాత్రి ఆ హాల్లో నూట పదిమంది తలదాచుకున్న సంగతి, ఆ రాత్రే టికెట్ బల్ల మీద ఒక ఆడపిల్ల పుట్టిన సంగతి, ఆ పిల్లకి పెళ్ళయ్యేదాకా లాంచీవాళ్ళు టికెట్ అడగని సంగతి రాశాడు. 'ప్రయాణీకులు' అని రాస్తుండగా మళ్ళీ కిర్రుమంది.

"ణకి గుడి చాలు. దీర్ఘం ఎందుకు?"

కిరసనాయిలు గుడ్డతో దీర్ఘం తుడిచేశాడు. ఒకపక్క చెమటలు పడుతున్నాయి, ఇంకోపక్క కొంచెం ధైర్యం కూడా వస్తోంది. పీక నొక్కే దెయ్యాల గురించి విన్నాడు, రక్తం తాగే వాటి గురించి విన్నాడు. గుడిదీర్ఘాల జోలికొచ్చే దెయ్యం ఎంత చెడ్డదైనా ఎంత చెడ్డదవుతుంది?

తెల్లవారుజాము నాలుగయింది. వేళ్ళు కొయ్యబారాయి. రెండో పుటలో ఇంకా తొమ్మిది వరసలున్నాయి. పెయింటరు కాగితం చూశాడు, ఆకాశం చూశాడు, మధ్యలో ఒక వాక్యం చూశాడు. అది లేకపోయినా కథ ఆగదు. దాన్ని దాటేసి కింద వరస అందుకున్నాడు.

కిర్రు...

"ఒక వాక్యం మింగావు."

పెయింటరుకి ఏడుపొచ్చింది. "ఎవరికి తెలుస్తుందండీ?"

"నాకు."

 పెయింటరు రాసిన వరస తుడిచి, మింగిన వాక్యం కక్కాడు. 'ముప్పై నాలుగేళ్ళు ఈ రేవులో టికెట్లిచ్చిన గుమాస్తా ఒక్కరోజు కూడా కిటికీ ఆలస్యంగా తెరవలేదు.' తర్వాత వంతెన, తర్వాత ఆఖరి లాంచీ — అందులో నడిపేవాడు తప్ప ఎవరూ ఎక్కలేదు, అయినా అతను వేళకే బయల్దేరాడు. ఆఖరి చుక్క పెట్టేసరికి తూర్పు తెల్లబడింది. అప్పుడు వెనక్కి తిరిగాడు.

బల్ల ఖాళీగా ఉంది.

పెయింటరు మెట్ల మీద పడి నిద్రపోయాడు.

*

తొమ్మిదింటికి జనం వచ్చారు. తోడల్లుడు చుట్టిన ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని గోడంతా పైనుంచి కిందకి రెండుసార్లు చదివాడు. తప్పు దొరకలేదు. మూడోసారి చదివాడు. ఫ్లెక్సీ చంక మార్చుకున్నాడు.

అధ్యక్షురాలు "ఇంత చెయ్యి పెట్టుకుని ఇన్నాళ్ళూ మమ్మల్ని ఏడిపించావేమయ్యా? ఇక మన బోర్డులన్నీ నువ్వే" అంది. పెయింటరు రాత్రి జరిగిందంతా చెప్పాడు. జనం మూడడుగులు వెనక్కి వేశారు. పోస్ట్‌మాన్ ఆరడుగులు వేశాడు.

పెయింటరుకి మాత్రం పగటి వెలుగు, గెలిచిన పొగరు రెండూ ఉన్నాయి. నేరుగా వెళ్ళి షట్టరు మీద అరచేత్తో చరిచాడు.

"రేపు రండి."

సగం జనం రోడ్డెక్కారు.

"రేపు కాదు, ఇవాళే" అని మళ్ళీ చరిచాడు పెయింటరు.

షట్టరు లోపల్నించి పైకి లేచింది. కిటికీలో రేగిన జుట్టు, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు, రెండు చెవుల్లో దూది — టికెట్ పెద్దమ్మ. ముప్పై నాలుగేళ్ళు ఆ కిటికీలో కూర్చున్న గుమాస్తా.

"ఏమిటీ గోల?" అంది దూది తీస్తూ.

"పెద్దమ్మా... ఇక్కడేం చేస్తున్నావు?" అంది అధ్యక్షురాలు.

"పడుకున్నాను. ఇంట్లో పదకొండు దాకా టీవీ, పదకొండు దాటితే మావాడి గురక. ఈ గది తాళం నా దగ్గరే ఉండిపోయింది. ఇక్కడైతేనే నాకు కన్ను మూతపడుతుంది. కోడలికి తెలుసు."

"మరి ఆ రేపు రండి...?"

"ఆఖరి లాంచీ వెళ్ళాక ఎవరు తట్టినా ముప్పై నాలుగేళ్ళు అదే చెప్పాను. ఇప్పుడు కొత్తగా ఏం చెప్పను? షట్టరు కొడితే దూది ఉన్నా గదంతా అదురుతుంది."

పోస్ట్‌మాన్ గొంతు దూరం నుంచి వినిపించింది. "నువ్వు రమ్మన్నావని మర్నాడు వచ్చాను కదా పెద్దమ్మా."

"వేళకి వచ్చావా నాయనా?"

జనం పడీపడీ నవ్వారు. పదకొండేళ్ళ దెయ్యం పదకొండు నిమిషాల్లో పోయింది. పెద్దమ్మ చీర సర్దుకుని బయటికొచ్చి, మూల తిరిగి, గోడ చదవడం మొదలుపెట్టింది. తన వాక్యం దగ్గర ఆగింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ చదివింది.

"నా సంగతి నువ్వే రాశావా నాయనా?"

పెయింటరు నవ్వాడు. "వాక్యం మింగావని నా మీద పడింది నువ్వే కదా పెద్దమ్మా. నీ గురించి అని అంత పట్టుదలా?"

పెద్దమ్మ అతని వంక వింతగా చూసింది. "నేనా? రాత్రి నిచ్చెన ఏదో తగిలితే ఒక్కసారి రేపు రండి అన్నాను. తెల్లారి మీరు లేపేదాకా ఇంకేం ఎరగను. ఆ కాగితంలో నా మాట ఉందని నాకేం తెలుసు? అయినా నా కిటికీ నీళ్ళవైపు. ఈ గోడ కనబడుతుందా?"

పెయింటరు కిటికీ వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. మధ్యలో మూల ఉంది.

జనం రిబ్బను కత్తిరించడానికి హాల్లోకి వెళ్ళిపోయారు. పెయింటరు ఒక్కడూ బల్ల పక్కన నిలబడ్డాడు. అప్పుడు కనబడింది — గోడ కింద, కుడి మూల, గోరంత అక్షరాలు. రంగు కాదు. సుద్ద.

అతని సంచిలో సుద్దముక్క లేదు.

జేబులోంచి రెండు పుటలూ తీసి పక్కన పెట్టి చూశాడు. గుండ్రటి దస్తూరి. అదే.

'పదికి ఎనిమిది. ముప్పై తొమ్మిది రోజుల ఆలస్యానికి రెండు కోత.'

భుజం మీద చెయ్యి పడింది. పెయింటరు జానెడు ఎగిరాడు. మంగలాయన.

"ఏం రేపుగారూ, మా దుకాణానికి రెండో బోర్డు ఎప్పుడిస్తారు? రేపేనా?"

పెయింటరు బల్ల వంక చూశాడు. అది కిర్రుమనలేదు. ఇంకా.

"ఇవాళే" అన్నాడు. "చీకటి పడకముందే."