ఇచ్చినవాళ్ళ పేరు

"పిన్నీ, ఇదేటి? ఎవరు సేసారిది?"

యమున కేక వినగానే వంటింట్లో పద్మకుమారి చేతిలోని గరిటె ఆగిపోయింది. మధ్యాహ్నం నుంచీ ఆమె ఎదురుచూస్తున్నది ఈ కేక కోసమే. కాకపోతే అందులో సంతోషం ఉంటుందనుకుంది... పిల్ల పరుగున వచ్చి మెడ చుట్టూ చేతులు వేయకపోయినా, ఒక్క నవ్వయినా నవ్వుతుందనుకుంది పిచ్చితల్లి! ఆ గొంతులో ఉన్నది సంతోషం కాదని తెలుసుకోడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. స్టవ్ కట్టేసి, చెంగుకి చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది.

మంచం మీద రెండు ఎలక్ట్రిక్ గిటార్లున్నాయి. ఒకటి నల్లది, ఒకటి నీలంది. నీలందాన్ని బోర్లా తిప్పి, యమున దాని వీపు వైపు వేలు చూపిస్తోంది. గిటారు మెడ వచ్చి ఒంటికి కలిసేచోట అరచేతిలో సగమంత స్టీలు రేకు ఒకటుంది. ఆ రేకు మీద, మన ఇళ్ళలో గిన్నెల మీద ఉంటాయే, అలాంటి చుక్కల అక్షరాలతో 'అనూరాధ' అని ముద్దుగా చెక్కి ఉంది.

అనూరాధ యమున కన్నతల్లి. పిల్లకి ఊహ తెలియకముందే జ్వరంతో పోయింది. ఆ తరువాత యమున తండ్రి అప్పలసూరి రామతీర్థం గుళ్ళో దండలు మార్చుకుని తెచ్చుకున్న రెండో భార్య పద్మకుమారి.

"నానే సేయించానమ్మా," అంది పద్మకుమారి. "బాగులేదేటి?"

"తీగలన్నీ వదులైపోయి ఉన్నాయి. రేకంతా చెక్కేసి ఉంది. ఇది తిరిగి ఇచ్చేయాల్సింది పిన్నీ! మావయ్య దీన్ని కొట్టుకి పట్టుకెళ్ళడానికే వచ్చాడు."

పద్మకుమారి నీలందాని వైపు, పిల్ల వైపు మార్చి మార్చి చూసింది. "నీలందే ఉంచుకుంటానన్నావు కదే నిన్న..."

అన్నమాట నిజమే. యమున విజయనగరంలో మురళీమోహన్ గారి ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తుంది. ఇన్నాళ్ళూ అరువు గిటారే. డిగ్రీ పాసైతే సొంతది కొనిపెడతానని శ్రీకాకుళంలో ఉండే మేనమామ హరిబాబు ఎప్పుడో మాటిచ్చాడు. గిటార్ల కొట్టు యజమాని ధనరాజు తెలిసినవాడు కావడంతో, ఏది తీసుకోవాలో తేలక కొట్టుకుంటున్న పిల్లని చూసి, "రెండూ ఇంటికి పట్టుకెళ్ళమ్మా. వాయించి సూసుకుని నచ్చింది ఉంచుకో, రెండోది గీత పడకుండా తెచ్చియ్యి," అన్నాడు. రెండూ సిగ్నేచర్ మోడల్సే. నల్లదాని తల మీద ఒక విదేశీ వాద్యకారుడి సంతకం, నీలందాని మీద ఇంకొకాయన సంతకం, బంగారు రంగులో గిలికినట్టు ఉన్నాయి.

నిన్న ఆ సంతకాలు చూసి పద్మకుమారికి ముచ్చటేసింది. "ఈయనెవరే? ఈయనేటైనా నీకిచ్చాడా?" అని అడిగింది. యమున పకపకా నవ్వింది. "ఆయనెందుకిస్తాడు పిన్నీ? ఆయన వాయించే గిటారు ఎలాగుంటాదో అలాగే తయారుచేసి, ఆయన పేరేసి అమ్ముతారు." పద్మకుమారికి ఆ లెక్క ఎంతకీ అర్థంకాలేదు. వస్తువు మీద పేరుందంటే అది ఇచ్చినవాళ్ళదో, పుచ్చుకున్నవాళ్ళదో అయ్యుండాలి. పెళ్ళిలో బిందె ఇచ్చినా, బారసాలకి గిన్నె ఇచ్చినా పేరు చెక్కించకుండా ఇస్తే అదేం ఇవ్వడం? ఒక్క చెంచా ఇచ్చి, కాడ పొడుగునా ఇంటిపేరుతో సహా చెక్కించుకునే మహానుభావులున్న జిల్లా ఇది! ఇవ్వని మనిషి పేరు తల మీద ఊరేగుతుంటే, ఇచ్చిన మనిషి పేరు ఎక్కడా లేకపోవడం ఆమెకి మహా అన్యాయంగా తోచింది.

మరి ఇచ్చింది ఎవరు? హరిబాబే ఆ మాట చెప్పాడు, గిటార్లు గుమ్మంలో దించుతూ. "ఇది నేనిచ్చానని అనుకోకే యమునా. మా అక్క ఇచ్చినట్టే అనుకో." ఆ మాటకి పిల్ల కళ్ళు చెమర్చడం పద్మకుమారి చూసింది. సాయంత్రం నీలందాన్ని ఒళ్ళో పెట్టుకుని, "ఎంత తేలిగ్గా ఉందో! ఇదే నాది," అని యమున మురిసిపోవడమూ చూసింది. ఇంకేం కావాలి? పొద్దున్న పిల్ల నల్లదాన్ని తీసుకుని రిహార్సల్‌కి వెళ్ళగానే, నీలందాన్ని దుప్పట్లో చుట్టి, చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కి, విజయనగరంలో గిన్నెల కొట్టుకి వెళ్ళింది. పేరు చెక్కించి తెచ్చి ఎప్పట్లాగే పెట్టెలో పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర వండుకుంటూ కూర్చుంది.

"నిన్న అలాగే అనిపించింది," అంది యమున. "ఇంట్లో వాయిస్తే బాగానే ఉంది. కానీ ఈ పొద్దున్న నల్లదాన్ని డ్రమ్స్ పక్కన వాయించి సూసాను. మొట్టమొదటిసారి నా గిటారు నాకు వినబడింది పిన్నీ! నీలందాని గొంతు ఇన్నాళ్ళూ వాయించిన అరువుదాని గొంతులాంటిదే, డ్రమ్స్ మోగితే మునిగిపోతాది. ఆదివారం విశాఖపట్నంలో అంతమంది ముందు మొదటిసారి నన్ను ఒక్కదాన్నే వాయించమన్నారు. నాకు నల్లదే కావాల."

అప్పటిదాకా పక్కనే కుర్చీలో కూర్చుని వింటున్న హరిబాబు టీ గ్లాసు కింద పెట్టి, ఆ రేకు మీద వేలితో తడిమాడు. అక్క పేరు చూసేసరికి అతని మొహం మారిపోయింది. "అక్క పేరు ఎక్కిన వస్తువుని మళ్ళీ కొట్టుకి అంపించేస్తామేటి? ఎవడో కొనుక్కుని వాయిస్తాడు. ఒద్దు. నల్లది ఇచ్చీసి ఇదే ఉంచుకో."

యమున పినతల్లి వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "విన్నావా? మా అమ్మ పేరేసేస్తే నేనింక దీన్ని ఒగ్గలేను. అమ్మని ఒగ్గేసినట్టే అవుతాది. ఒక్క మాట నన్ను అడగొచ్చు కదా... ఈ ఇంట్లో నీ పేరున్నదంటూ ఏటీ లేదని మా అమ్మ పేరు మీద పడ్డావా పిన్నీ?"

ఆ మాట అనేశాక యమునే బిత్తరపోయింది. గుమ్మంలో అప్పుడే పొలం నుంచి వచ్చిన అప్పలసూరి, "ఒసే యమునా," అని మాత్రం అనగలిగాడు.

పద్మకుమారి ఏడవలేదు. ఆ మాటలో అబద్ధమేముంది గనక! ఆ ఇంట్లో గ్లాసుల నుంచి బియ్యం డబ్బా దాకా ప్రతిదాని మీదా అనూరాధ పేరే, పుట్టింటివారు చెక్కించి పంపిన పేరు. గుళ్ళో దండలు మార్చుకుని వచ్చిన మనిషికి గిన్నెలెవరిస్తారు? ఇన్నేళ్ళూ ఆ పేరునే తోమింది, ఆ పేరులోనే వండింది, ఆ పేరులోనే తాగింది. దానికి ఎప్పుడూ బాధపడలేదు కూడా... ఈ రోజు పిల్ల నోటి నుంచి వినేదాకా.

"తప్పు నాది," అంది నెమ్మదిగా. "సెక్కినోడి కాడికే ఎల్దాం రామ్మా. సెరిపించేస్తాను."

యమున స్కూటీ మీద, వెనక సీట్లో ఒళ్ళో గిటారుతో, ఇద్దరూ విజయనగరం బయలుదేరారు. నెల్లిమర్ల దాటుతుంటే గాలికి యమున జడ వచ్చి పద్మకుమారి మొహానికి తగులుతోంది. పొద్దున్న తాను వేసిన జడే. ఆమెకి ఉన్నట్టుండి ఒక పాత సంగతి గుర్తొచ్చింది. యమున బడికి వెళ్ళనని మారాం చేసే రోజులు... పలక ఇస్తే విసిరికొట్టేది. పాలు తాగే వేళ గ్లాసు మీది చుక్కల అక్షరాల కింద పిల్ల వేలు పట్టుకుని నడిపించి, "అ... నూ... రా... ధ," అని చదివించింది పద్మకుమారి. ఆ పిల్లకి మొదట వచ్చిన నాలుగక్షరాలవే. "ఇదెవరు?" అంది పిల్ల. "మీ అమ్మ." "మరి నీ గ్లాసేదీ?" "నాకెందుకే, నేను మీ అమ్మ గ్లాసులోనే తాగుతాను." ఆ రోజు పిల్ల చాలాసేపు గ్లాసులన్నీ తిప్పి తిప్పి వెతికింది. ఇవన్నీ దానికెక్కడ గుర్తుంటాయిలే అనుకుని పద్మకుమారి కళ్ళు ఒత్తుకుంది.

గిన్నెల కొట్టు అరుగు మీద పేర్లు చెక్కే సోములు వాళ్ళని చూసి నవ్వాడు. "ఏటమ్మా, మళ్ళీ వచ్చారు?"

"ఈ పేరు సెరిపేయాల నాయనా."

"ఎలా సెరుపుతానమ్మా? స్టీలు మీద పడ్డ సుక్క పోదు. అరగదీస్తే గుంట పడతాది." అతను యమునని ఎగాదిగా చూశాడు. "నువ్వేనా అమ్మాయివి? ఈ అమ్మ పొద్దున్న నన్ను సంపేసిందనుకో. గీత పడకూడదు, దెబ్బ తగలకూడదు అని. మెషిను ఇక్కడ పట్టదని, జాగ్రత్తగా తీగలొదులు సేసి, రేకు విప్పి సెక్కి, మళ్ళీ బిగించాను. అంతసేపూ రెండు సేతుల్తో పట్టుకునే కూకుంది."

"విప్పారా?" అంది యమున చప్పున.

"నాలుగు స్క్రూలే కదమ్మా."

యమున గిటారుని తిప్పి ఆ నాలుగు స్క్రూల వైపే చూస్తూ ఉండిపోయింది. రోజూ గిటారు పట్టుకునే పిల్ల, కోపంలో కళ్ళ ముందున్నది చూడలేకపోయింది. నల్లదాని వెనకా ఇలాంటి రేకే! ఇది విప్పి దానికి, దానిది విప్పి దీనికి... అంతే కదా!

సోములు తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "పేరు కింద జాగా మిగిలిపోయింది. నీ పేరు కూడా ఏసీమంటావా అమ్మా అని అడిగాను. ఏటన్నాదో తెలుసా? 'ఇచ్చింది ఆవిడ. నానేటిచ్చాను నాయనా, ఒండిపెట్టడం తప్ప' అన్నాది."

"ఊరుకో నాయనా, ఇప్పుడవన్నీ ఎందుకు," అంది పద్మకుమారి సిగ్గుపడుతూ.

యమున అరుగు మీద వరసగా బోర్లించిన స్టీలు గ్లాసుల వైపు చూసింది. తరువాత, "పిన్నీ, నువ్వు గిటారు పట్టుకుని బండి కాడ ఉండు. నేనొస్తాను," అంది.

ఇంకా కోపం పోలేదు కాబోలు అనుకుంటూ పద్మకుమారి ఎండలోకి వెళ్ళి నిలబడింది. లోపల మెషిను టకటకమని చప్పుడు చేస్తోంది. ఎవరి పెళ్ళి గిన్నెలో!

ఇంటికి రాగానే యమున పని మొదలుపెట్టింది. తీగలు సడలించి రెండిటికీ నాలుగేసి స్క్రూలు విప్పింది, రేకులు మార్చింది. హరిబాబు పక్కన కూర్చుని స్క్రూలు అందించాడు. చుక్కల 'అనూరాధ' నల్లగిటారు వీపు మీదికి చేరింది. మచ్చలేని రేకుతో నీలంది పెట్టెలోకి వెళ్ళింది. హరిబాబు అక్క పేరుని ఒకసారి తడిమి, తల వంచుకునే, "నేనే తొందరపడ్డాను. ఏమనుకోకు అక్కా," అన్నాడు. అతను పద్మకుమారిని ఆ వరసతో పిలవడం అదే మొదలు. ఆమె తడబడిపోయి, "టీ పెడతానుండు," అంటూ లేచింది.

"నువ్వు కూకో పిన్నీ. నేను పెడతాను."

యమున టీ పళ్ళెంతో వచ్చింది. తండ్రికి ఒక గ్లాసు, మేనమామకి ఒక గ్లాసు, రెండిటి మీదా పాత చుక్కల అక్షరాలే. మూడోది పద్మకుమారి చేతిలో పెట్టింది. అది కొత్తది, తళతళలాడుతోంది. ఎవరో ఇరుగుపొరుగుది కలిసిపోయిందేమో, తిరిగిచ్చేయాలి అనుకుంటూ, అలవాటు కొద్దీ ఎవరిదోనని పేరు కోసం తిప్పి చూసింది ఆమె.

'పద్మకుమారి' అని ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో 'కూతురు యమున ఇచ్చినది' అని ఉంది.

ఆమె ఆ అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా జరిపింది. సగం దాకా వచ్చేసరికి చుక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇంట్లో అనరాని మాట పడినప్పుడు రాని కన్నీళ్ళు ఇప్పుడు ధారలు కట్టాయి... టీ చల్లారిపోతోంది.

యమున ఆమె ముందు నేల మీద కూర్చుంది. "సిన్నప్పుడు నిన్నడిగాను, గుర్తుందా? నీ గ్లాసేదీ అని. ఇల్లంతా ఎతికాను. దొరకలేదు." పిల్ల పెదవి బిగబట్టింది. "అన్నీ తెలిసుండి ఇయ్యాల అంత మాటన్నాను."

"కోపంలో అన్నావులే. నాకు గుర్తు కూడా లేదు," అని అబద్ధమాడింది పద్మకుమారి.

అప్పలసూరి గొంతు సవరించుకుని, తన గ్లాసు కూతురి వైపు జరిపాడు. "నువ్వేటి తాగవా? ఇందా, ఇందులో సగం తాగు."

యమున తల అడ్డంగా ఊపింది. పద్మకుమారి చేతుల్లోంచి కొత్త గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది.

"నేను మా అమ్మ గ్లాసులోనే తాగుతాను," అంది.

పద్మకుమారి చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తరువాత మిగిలిన టీ తాను తాగింది. అందులో పిల్ల పంచదార వేయడం మరిచిపోయింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. చీకటి పడుతుండగా ఆమె గ్లాసులన్నీ తోమి, కొత్తదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడి, చివరికి అనూరాధ గ్లాసుల పక్కన, అదే వరసలో బోర్లించింది.